ధనబోడు మీద ఒక శిల్పి కుటుంబం

(‘కృష్ణ ఒడ్డున’ ధారావాహిక – పద్నాలుగో భాగం)

గత భాగం అమరావతిలో ముగిసింది. 1797లో కాలిన్ మెకంజీ దీపాలదిన్నెను చూసింది మొదలు, అక్కడి శిల్పాలు 1880లో లండన్ బ్రిటిష్ మ్యూజియం గడప తొక్కేదాకా జరిగిన కథ అది. ఈసారి కథ నది దాటి ఉత్తరపు గట్టెక్కి, మెట్ట కృష్ణాలోకి అడుగుపెడుతుంది. జగ్గయ్యపేట, నందిగామ ఇందులో రంగస్థలాలు. 2022 ఏప్రిల్ నుంచి ఈ రెండూ కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. అంతకు ముందు తరాలకు మాత్రం ఇది కృష్ణా జిల్లా మెట్ట తాలూకాల నేల: డెల్టా కాలువలు అందని ఎత్తు, నల్లరేగడి, అక్కడక్కడా తలెత్తిన గుట్టలు, పాలేరు, మునేరు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే బస్సుల్లో రోజూ వేలమంది ఈ రెండు ఊళ్ళనూ దాటిపోతారు. వాళ్ళలో ఎక్కువమందికి జగ్గయ్యపేట అంటే ఆంధ్ర సరిహద్దు దాటాక తగిలే మొదటి పట్నం. ప్రపంచంలో ప్రాచీన భారతీయ శిల్పం మీద పుస్తకం రాసేవాళ్ళకు ఆ పేరు మరోలా తెలుసు. సాంచీ, భార్హుత్, అమరావతి పేర్ల పక్కన వాళ్ళు దాన్ని రాస్తారు. ఆ కీర్తికి కారణం ఊరి పక్కన గుట్ట మీదున్న ఒక దిబ్బ.

బర్జెస్ వచ్చిన ఏడాది

జేమ్స్ బర్జెస్ 1832లో స్కాట్లండ్‌లో పుట్టాడు. పశ్చిమ భారతంలోని గుహాలయాల మీద చేసిన పనితో పేరు తెచ్చుకున్నాడు. 1872లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ అనే పత్రికను ప్రారంభించి తానే నడిపాడు. దక్షిణ భారత పురావస్తు సర్వే బాధ్యత కూడా చేతికొచ్చాక, 1882లో అమరావతితో పాటు జగ్గయ్యపేట దిబ్బనూ పరిశీలించాడు. ఆ రెండింటి మీద అతను రాసిన పెద్ద నివేదిక 1887లో అచ్చయింది. జగ్గయ్యపేట పేరు పండిత లోకానికి చేరింది ఆ పుస్తకంతోనే.

ఊరివాళ్ళు ఆ దిబ్బను ధనబోడు అనేవారు. బర్జెస్ వచ్చేనాటికే దాని ఒళ్ళంతా గుల్ల అయింది. లావుపాటి పాతకాలపు ఇటుకలు, నున్నటి రాతిపలకలు ఎక్కడైనా పనికొచ్చేవే కాబట్టి ఇళ్ళు కట్టుకునేవాళ్ళు తవ్వి తీసుకుపోయారు. మిగిలినదాన్ని శుభ్రం చేయించి చూస్తే అది స్తూపమని తేలింది. గుట్ట మీద ఉన్నవాటిలో పెద్ద స్తూపం అడ్డుకొలత 31 అడుగుల 6 అంగుళాలు. అమరావతి మహాచైత్యం అడ్డుకొలత 160 అడుగుల దాకా ఉంటుంది. దానితో పోలిస్తే ఇది చాలా చిన్న కట్టడం.

కట్టిన తీరులో మాత్రం లోటు లేదు. మట్టిని సుమారు రెండేసి అడుగుల మందాన పొరలుగా దిమ్మిస కొట్టి, ఒక్కో పొర మీద పెద్ద ఇటుకలను దగ్గరదగ్గరగా పరిచారు. అలా పొర మీద పొర లేపుకుంటూ పోయి, బయటి వైపు అడుగున రాతిపలకలు నిలబెట్టారు. పలకల్లో చాలావాటి మీద పెద్దగా బొమ్మలు లేవు. కొన్నింటి అంచున సన్నటి అర్ధస్తంభాలు, వాటి తలమీద గంట ఆకారపు దిమ్మెలు, ఆ పైన రెక్కల మృగాలు ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల అశోకుని కాలపు రాతకు దగ్గరగా ఉన్న బ్రాహ్మీ అక్షరాలు కనిపించాయి. స్తూపం వయసు క్రీస్తుకు పూర్వానికి వెళుతుందని చెప్పడానికి ఆ అక్షరాలూ, శిల్పుల పనితీరూ ఆధారమయ్యాయి.

ఆ పలకల్లో ఒకదాన్ని చూశాక బర్జెస్ నివేదికలో మిగతావన్నీ రెండో వరుసకు వెళ్ళిపోయాయి.

నాణాలు కురిపించిన రాజు

పలక మధ్యలో ఒక రాజు నిలబడి ఉన్నాడు. తలపాగా, చెవులకు బరువైన కుండలాలు, మెడలో హారాలు, చేతులకు కడియాలు. మనిషి సన్నగా, పొడుగ్గా, కాళ్ళూ చేతులూ సాగదీసినట్టు ఉన్నాడు. తలపైన గొడుగు. ఎడమ చేయి గుండెల మీద, కుడి చేయి ఆకాశం వైపు. ఆ చేతికి పైన మబ్బు, మబ్బులోంచి చతురస్రాకారపు నాణాలు వానచినుకుల్లా రాలుతున్నాయి. రాజు చుట్టూ ఏనుగు, గుర్రం, స్తంభం మీద చక్రం, మరో స్తంభం మీద మణి, రాణి, ఇద్దరు పురుషులు.

బౌద్ధుల లెక్కలో చక్రవర్తి అనిపించుకున్నవాడికి ఏడు రత్నాలుంటాయి: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, స్త్రీ, గృహపతి, పరిణాయకుడు. ఆ ఏడూ ఈ పలక మీద లెక్కకు సరిగ్గా దొరుకుతాయి. నాణాల వాన ఉంది కాబట్టి ఈ చక్రవర్తి మాంధాతే అని చాలామంది పండితులు తీర్మానించారు. పురాణాల్లో ఇక్ష్వాకు వంశపు రాజుగా తెలుగువాళ్ళకు తెలిసిన మాంధాతే జాతక కథల్లోనూ ఉన్నాడు. అతను చెయ్యెత్తితే ఆకాశం నుంచి సంపద కురిసేదట. భూమి చాలక స్వర్గానికి వెళ్ళి, ఇంద్రుడితో సగం సింహాసనం పంచుకున్నాడట. ఆ సగమూ చాలక ఇంద్రుణ్ణి తప్పించాలని తలచి, ఆ క్షణమే కిందపడి ముసలితనం ముంచుకొచ్చి చనిపోయాడట. నాణాల వానతో కూడా ఆశ తీరదని బౌద్ధ భిక్షువులు చెప్పడానికి వాడుకున్న కథ ఇది.

శిల్పి కథలోని పతనం జోలికి పోలేదు. చెయ్యెత్తిన ఘడియనే పట్టుకున్నాడు. రాలుతున్న నాణాలు చతురస్రంగా ఉండటం గమనించదగ్గది. క్రీస్తుపూర్వం దేశమంతా చెలామణీ అయిన విద్ధాంక నాణాలు, అంటే వెండిరేకును ముక్కలుగా కత్తిరించి గుర్తులు కొట్టినవి, చాలావరకు ఆ ఆకారంలోనే ఉండేవి. కథలోని దైవికమైన వానకు శిల్పి తన బజారులో చేతులు మారే డబ్బునే నమూనాగా తీసుకున్నాడు.

ఈ పలక క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దానిదని ఎక్కువమంది అంటారు. అమరావతి శిల్పం ఆ తర్వాతి రెండు మూడు వందల ఏళ్ళలో ఎంతో మారింది. గుంపులు గుంపులుగా జనం, ఒకరి మీద ఒకరు ఒరిగిపోయే దేహాలు, లోతు, వేగం వచ్చాయి. జగ్గయ్యపేట చక్రవర్తి వాటికి ముందు తరం. లోతు తక్కువ, గీత బలం ఎక్కువ. కృష్ణాలోయలో శిల్పం ఎక్కడ మొదలైందో చూపడానికి చరిత్రకారులు మొట్టమొదట తిప్పే పేజీ ఇదే.

పదిమంది పేర్లు

చక్రవర్తిని చెక్కిన శిల్పి ఎవరో తెలియదు. అదే స్తూపానికి మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత పనిచేసిన మరో శిల్పి మాత్రం తన ఇంటిల్లిపాది పేర్లూ రాతి మీద చెక్కించి పోయాడు.

కృష్ణాలోయ స్తూపాలకు ఒక ప్రత్యేకత ఉంది. నాలుగు దిక్కులా వేదికలు ముందుకు పొడుచుకొస్తాయి, ఒక్కోదాని మీద ఐదేసి స్తంభాలు నిలుస్తాయి. వాటిని ఆయక స్తంభాలంటారు. బుద్ధుని జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం అనే ఐదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు. జగ్గయ్యపేటలో దొరికిన ఆయక స్తంభాల మీద ఒకే శాసనం మూడుసార్లు ఉంది. భాష ప్రాకృతం, లిపి తోకలు సాగదీసి అందంగా తీర్చిన బ్రాహ్మీ.

దాని సారం ఇది. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర శ్రీ వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట, వర్షర్తువు ఎనిమిదో పక్షం, పదో రోజున, వెలగిరి గ్రామంలో భగవాన్ బుద్ధుని మహాచైత్యానికి తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలిపినవాడు సిద్ధార్థుడు. అతను ఆవేసని, అంటే శిల్పుల మేస్త్రి. ఉండేది మహాకాడురూరలో. అతని తండ్రి నాగచంద్రుడూ ఆవేసనే, కమ్మక రాష్ట్రంలోని నడతూరు వాసి. ఈ దానంలో సిద్ధార్థుడు ముందు పెట్టుకున్నది తల్లి నాగిలనిని. తర్వాత భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక. ఆ తర్వాత తమ్ముడు బుధినాకుడు, అతని భార్య కనిక, వాళ్ళ కొడుకులు నాగసిరి, చందసిరి, కూతురు సిధథనిక. చివర చుట్టాలు, స్నేహితులు. సకల ప్రాణుల మేలు కోసం, సుఖం కోసం అని ముగింపు.

మూడో శతాబ్దపు ఒక ఉమ్మడి కుటుంబం ఇందులో వరుసలతో సహా నిలబడి ఉంది. అన్న పేరు కలిసేలా తమ్ముడి కూతురికి పేరు పెట్టుకున్న ఇల్లు అది. తల్లి పేరు ఆడవాళ్ళలోనే కాక, అందరిలోకీ ముందు వచ్చింది. రాజు పేరు ఉన్నది ఏ సంవత్సరమో చెప్పడానికే. ఖర్చు పెట్టింది రాజు కాడు, మంత్రి కాడు, సేఠు కాడు. రాతిపని చేసి బతికే మేస్త్రి.

దీని విలువ తెలియాలంటే ఇదే రాజు రాజధాని వైపు ఒకసారి చూడాలి. కృష్ణకు ఎగువన నాగార్జునకొండ లోయలోని విజయపురిలో కూడా మహాచైత్యం ఉంది. దానికి వీరపురుషదత్తుని ఆరో ఏట ఆయక స్తంభాలు నిలిపింది చాంతిసిరి. ఆమె రాజుకు మేనత్త, వంశ స్థాపకుడైన చాంతమూలుని తోబుట్టువు. అక్కడి శాసనాల్లో రాచకుటుంబం, మహాతలవరులనే పెద్ద అధికారుల భార్యలు, వాళ్ళ బిరుదులు వరుసగా వస్తాయి. అక్కడ రాజు మేనత్త చేసిన పనిని, పద్నాలుగేళ్ళ తర్వాత ఇక్కడ ఒక మేస్త్రి తన ఇంటివాళ్ళతో కలిసి చేశాడు.

శాసనం చరిత్రకారులకు మరో మేలు కూడా చేసింది. తర్వాతి కాలంలో కమ్మనాడుగా పేరుపడిన సీమను ప్రస్తావించే తొలి ఆధారాల్లో ఇది ఒకటి. అప్పట్లో ఈ చోటు పేరు వెలగిరి అని తెలిసిందీ దీనివల్లే.

వియన్నాలో చదివిన అక్షరాలు

ఈ శాసనాలను లోకానికి చదివి చెప్పినవాడు జర్మన్ పండితుడు గేయార్గ్ బ్యూలర్. 1837లో హానోవర్ రాజ్యంలో పుట్టి, గ్యోటింగెన్‌లో సంస్కృతం చదివి, బొంబాయి ప్రెసిడెన్సీలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాడు. 1881లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. బర్జెస్ తీసిన అచ్చుల ఆధారంగా జగ్గయ్యపేట శాసనాలను అతను పరిష్కరించగా, 1882లోనే ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వచ్చాయి. పాలేరు ఒడ్డున నాగిలని కొడుకు చెక్కించిన అక్షరాలు ఏడాది తిరక్కుండా యూరప్ పండితుల బల్లల మీదికి చేరాయి. బ్యూలర్ 1898లో కాన్‌స్టన్స్ సరస్సులో పడవ మీద వెళుతూ మునిగిపోయాడు.

ఆ పనిని అందుకున్నవాళ్ళలోనూ జర్మన్లే ముందున్నారు. డ్రెస్డెన్‌లో పుట్టిన ఆయ్‌గెన్ హుల్ట్ష్ అమరావతి శాసనాలను జర్మన్ పత్రికలో ప్రచురించాడు, 1886 నుంచి మద్రాసు ప్రభుత్వానికి శాసన పరిశోధకుడిగా పనిచేశాడు. బెర్లిన్ ఆచార్యుడు హైన్రిఖ్ ల్యూడర్స్ 1912లో బ్రాహ్మీ శాసనాలన్నిటికీ వరుస సంఖ్యలతో జాబితా వేశాడు. సిద్ధార్థుని శాసనాలకు అందులో 1202, 1203, 1204 సంఖ్యలు. నేటికీ పరిశోధకులు వాటిని ఆ అంకెలతోనే పిలుస్తారు.

రాళ్ళు సొంత ఊరు వదిలి వెళ్ళడం ఆ శతాబ్దంలో ఇక్కడే జరిగిన వింత కాదు. 1811లో గ్రీసులోని ఈజినా దీవిలో ఒక పాత గుడి శిథిలాల్లోంచి ఇంగ్లీషు, జర్మన్ యాత్రికులు కొందరు శిల్పాలు తవ్వి తీశారు. మరుసటి ఏడు జరిగిన వేలంలో బవేరియా యువరాజు లుడ్విగ్ వాటిని కొనిపించాడు. వాటి కోసం, తన మిగతా సేకరణ కోసం మ్యూనిక్ నగరంలో లియో ఫన్ క్లెంట్సే చేత గ్లిప్టోటెక్ అనే శిల్పశాల కట్టించాడు. అది 1830లో తెరుచుకుంది. విరిగిన చేతులకూ తలలకూ డెన్మార్క్ శిల్పి తోర్వాల్సెన్ చలువరాతితో కొత్తవి అతికించాడు. అప్పట్లో మెచ్చుకున్న ఆ అతుకులను ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ ఊడదీశారు. ఈజినా వీరులు ఈనాడు ఎక్కడ ఎంత విరిగారో అంతే కనిపిస్తూ మ్యూనిక్‌లో ఉన్నారు.

జగ్గయ్యపేట రాళ్ళు అంత దూరం పోలేదు. బర్జెస్ ఏర్పాటుతో మద్రాసు చేరాయి. 1851లో మొదలైన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలతో పాటు వాటికీ చోటు దొరికింది. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి అది పరాయి ఊరు అనిపించలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా రాళ్ళు అక్కడే ఉండిపోయాయి. చక్రవర్తిని చూడాలనుకునే జగ్గయ్యపేటవాసి నేటికీ చెన్నై రైలెక్కాలి.

నాగార్జునాచార్యుని శిష్యుని శిష్యుడు

ధనబోడు కథ సిద్ధార్థునితో ఆగలేదు. ఇక్ష్వాకులు పోయారు. పల్లవులు, విష్ణుకుండినులు వచ్చారు. శైవ వైష్ణవ ఆలయాలు లేచాయి. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. దాదాపు క్రీ.శ. 600 నాటి లిపిలో, సంస్కృతంలో, ఒక బుద్ధ విగ్రహంతో దొరికిన శాసనం ఆ సంగతి చెబుతుంది. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడు, అతని శిష్యుడు చంద్రప్రభుడు. బుద్ధత్వం పొందాలనే కోరికతో ఆ చంద్రప్రభుడు ప్రతిమను ప్రతిష్ఠించాడు.

ఆ నాగార్జునుడు మాధ్యమిక దర్శనానికి ఆద్యుడైన మహాచార్యుడేనా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. లిపి కాలాన్ని బట్టి చూస్తే మధ్యలో నాలుగు వందల ఏళ్ళ ఎడం ఉంది. నేరుగా శిష్య పరంపర అనుకుంటే పొసగదు. అదే పేరు పెట్టుకున్న తర్వాతి ఆచార్యుడు కావచ్చు, లేదా మూలపురుషుణ్ణి గురువుగా చెప్పుకోవడం కావచ్చు.

మూడు పొరలనూ కలిపి చూస్తే ఈ చిన్న స్తూపం వయసు అర్థమవుతుంది. చక్రవర్తి పలక, సిద్ధార్థుని స్తంభాలు, చంద్రప్రభుని ప్రతిమ. మొదటిదానికీ చివరిదానికీ మధ్య దాదాపు ఏడు వందల ఏళ్ళు. మొదటి శిల్పి బుద్ధుణ్ణి చెక్కలేదు, చక్రవర్తిని చెక్కాడు. మనిషి రూపంలో బుద్ధుణ్ణి చూపే అలవాటు అప్పటికి ఈ లోయలో లేదు. మూడో పొరకు వచ్చేసరికి విగ్రహమే దానమైంది. బౌద్ధం లోపల వచ్చిన ఇంత పెద్ద మార్పు ఒక్క గుట్ట మీద దొరికింది.

బేతవోలు జగ్గయ్యపేట అయిన వైనం

దిబ్బ అంత పాతదైనా ఊరి పేరు మాత్రం కొత్తది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇది బేతవోలు. దొంగల బెడదకు పేరుపడిన చోటు. చింతపల్లి నుంచి పరగణాలు ఏలిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ పేట కట్టించి, దానికి తండ్రి జగ్గన్న పేరు పెట్టాడు. కృష్ణకు అవతల తల్లి అచ్చమ్మ పేర అచ్చంపేట వెలసింది. మంగళగిరి నరసింహస్వామి గాలిగోపురాన్ని 1807 – 1809 మధ్య పదకొండు అంతస్తులతో ఎత్తించిందీ ఆయనే.

అమరావతి దీపాలదిన్నెను తవ్వించి రాళ్ళు వాడుకున్నదీ ఈ వెంకటాద్రి నాయుడే. కొత్త రాజధాని కట్టుకోవడానికి పాత దిబ్బ ఆయనకు చేతికందిన రాతిగని. ఆ తవ్వకం వార్తే మెకంజీని అటు రప్పించింది. ఒకే మనిషి చేతుల మీదుగా ఒక మహాస్తూపం చెదిరింది, రెండు పట్నాలు వెలిశాయి, ఎన్నో గుళ్ళు లేచాయి. ఆయనను కట్టినవాడిగా తలుచుకునేవాళ్ళకూ, చెరిపినవాడిగా తప్పుపట్టేవాళ్ళకూ ఆధారాలు సమానంగానే దొరుకుతాయి.

నందిగామ వైపు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వైపు వస్తే అదే బౌద్ధం కొనసాగుతుంది. పాత నందిగామ తాలూకాలో అల్లూరు, గుమ్మడిదుర్రు అనే రెండు ఊళ్ళ దిబ్బలను 1926 ప్రాంతంలో పురావస్తు శాఖ అధికారి ముహమ్మద్ హమీద్ ఖురేషీ తవ్వించాడు. రెండుచోట్లా స్తూపాలు బయటపడ్డాయి.

అల్లూరులో దొరికిన ప్రాకృత శాసనం చదివితే ఒక బౌద్ధ విహారం సంసారం కళ్ళముందు పరుచుకుంటుంది. పూర్వశైలీయులనే శాఖకు ఒక దాత ఇచ్చిన ఆస్తి పట్టిక అది. పొలాలు, ఆవుల మంద, ఎద్దులు, బండ్లు, పనిచేసే దాసదాసీలు, ఇనప కాగులు, కంచుపాత్రలు, వాటితో పాటు యవన దీపాలు. గ్రీకు, రోమను దేశాల నుంచి సముద్రం మీద వచ్చినవో, ఆ పద్ధతిలో ఇక్కడే పోతపోసినవో అయిన దీపాలు మెట్ట కృష్ణాలోని ఒక విహారంలో వెలిగాయి. సర్వం వదులుకున్న భిక్షువుల పేరు మీద మనుషుల్ని కూడా దానమిచ్చారన్న నిజం అదే పట్టికలో, ఆవులకూ కాగులకూ మధ్య ఉంది.

అల్లూరు నుంచి వచ్చిన నిలువెత్తు బుద్ధుడు విజయవాడ బాపు మ్యూజియంలో ఉన్నాడు. తెల్లటి సున్నపురాయి. ఒంటిమీద వస్త్రం ముడతలు దేహం చుట్టూ వాలుగా దిగుతాయి. మూడు, నాలుగు శతాబ్దాల నాటి కృష్ణాలోయ పనితనానికి మచ్చుతునక. ఆ భవనం కూడా చూడదగ్గదే. విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండిన 1887లో దానికి పునాది పడింది, అందుకే చాలాకాలం విక్టోరియా జూబిలీ మ్యూజియం అన్నారు. తర్వాత చిత్రకారుడు బాపు పేరు పెట్టారు. మరమ్మతుల కోసం మూసి, 2020లో తిరిగి తెరిచారు. మెట్ట కృష్ణా శిల్పాన్ని చెన్నై వెళ్ళకుండా చూడగలిగే దగ్గరి చోటు ఇదే.

మునిగిన రాజధాని, పారిన కాలువ

వీరపురుషదత్తుని రాజధాని విజయపురి ఆచూకీ 1926లో తెలిసింది. మాచర్ల బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య సమాచారం ఇవ్వగా, శాసన శాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి వెళ్ళి చూశాడు. అప్పటిదాకా ప్రధానంగా జగ్గయ్యపేట స్తంభాల ద్వారా తెలిసిన రాజుకు ఒక్కసారిగా రాజధాని, తండ్రి, మేనత్తలు, భార్యలు, కొడుకు దొరికారు.

ముప్ఫై ఏళ్ళు తిరక్కుండానే ఆ లోయ మీద డ్యాము నిర్ణయమైంది. నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని ఊరూరా తిరిగి పోరాడినవాళ్ళలో ముందువరుసలో నిలిచింది జగ్గయ్యపేట పక్కనున్న ముక్త్యాల రాజా, వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి తరలించారు. నీళ్ళు చేరాక ఆ కొండ దీవి అయింది, దాని మీద మ్యూజియం వెలసింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు.

ఎడమ కాలువ జగ్గయ్యపేట, నందిగామ మెట్టల మీదుగా వచ్చింది. తరతరాలుగా వానకోసం మొగం వాచిన చేలు తడిశాయి. సిద్ధార్థుడు తన స్తంభాల మీద ఏ రాజు ఏడాదిని చెక్కించాడో ఆ రాజు పట్నం నీళ్ళకింద ఉంది, ఆ నీళ్ళే ఆ స్తంభాలు నిలిచిన ఊరి పొలాలకు అందుతున్నాయి.

ఈనాటి బొమ్మలు

మెట్ట కృష్ణాలో నలుగురి కోసం బొమ్మ నిలపడం ఆగిపోలేదు. నందిగామ దాటి విజయవాడ వైపు వెళుతుంటే పరిటాల దగ్గర రోడ్డు పక్కన అభయాంజనేయుడు కనిపిస్తాడు. 2003లో నిలిపిన ఆ విగ్రహం ఎత్తు 135 అడుగులు. రాత్రి బస్సుల్లో నిద్రలేచినవాళ్ళు దాన్ని చూసి విజయవాడ దగ్గరపడిందని సర్దుకుంటారు.

అంతకన్నా ఆసక్తికరమైన సంప్రదాయం మునేరు ఒడ్డున పెనుగంచిప్రోలులో ఉంది. అక్కడి తిరుపతమ్మ తల్లి ఈ సీమలో ఇంటింటి దేవత. భర్త గోపయ్య పులి వాతపడ్డాడని, ఆమె యోగాగ్నిలో దేహం విడిచిందని కథ. రెండేళ్ళకోసారి అమ్మవారి, గోపయ్య, సహదేవతల విగ్రహాలను ఊరేగింపుగా జగ్గయ్యపేటకు తీసుకొస్తారు. ఎడ్లబండ్లు, డప్పులు, దారి పొడవునా హారతులు. పేటలో చిత్రకారులు పాత రంగులు తీసి కొత్త రంగులు దిద్దుతారు. ఆ తర్వాత మళ్ళీ ఊరేగింపుగా పెనుగంచిప్రోలు చేరి, అమ్మవారు తిరునాళ్ళకు సిద్ధమవుతుంది.

పాత పని మీద కొత్త పని చేయడం ఈ లోయకు అలవాటే. అమరావతిలో క్రీస్తుపూర్వం చెక్కిన పలకను మూడో శతాబ్దంలో వెనక్కి తిప్పి, ఆ వైపున కొత్తగా స్తూపాన్ని చెక్కారు. రెండు ముఖాల ఆ పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మ్యూజియంలో చేరిన శిల్పానికి ఆ వీలు లేదు, దాన్ని ఎలా ఉన్నదాన్ని అలా కాపాడాలి. తిరుపతమ్మ విగ్రహం గుడిలో ఉంది కాబట్టి దానికి ఇంకా రంగులు మారుతున్నాయి.

సున్నపురాయి కూడా ఇంకా తవ్వుతూనే ఉన్నారు. స్తూపాలకు పలకలిచ్చిన ఈ సీమ రాయి ఇప్పుడు జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాల్లో పొడి అవుతోంది. సిద్ధార్థుని వృత్తి చేసేవాళ్ళకు బదులు పేలుడు మందు, లారీలు వచ్చాయి.

ధనబోడు చూడాలనుకునేవాళ్ళు విజయవాడ నుంచి ఉదయం బయల్దేరితే ఒక పూటలో పని అవుతుంది. ముందుగా బాపు మ్యూజియంలో అల్లూరు బుద్ధుణ్ణి చూసి వెళితే గుట్ట మీది పునాదుల్లో ఏముండేదో ఊహించుకోవడం తేలిక. జగ్గయ్యపేట దాకా వెళ్ళినవాళ్ళకు కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి, ముక్త్యాలలో నది ఉత్తరానికి మళ్ళే చోట భవానీ ముక్తేశ్వరుడు దగ్గరే.

వచ్చే భాగం: నందిగామకూ విజయవాడకూ మధ్య నైజాం తన చేతిలోనే ఉంచుకున్న వజ్రాల పల్లె పరిటాల, 1947లో అక్కడ వెలసిన రిపబ్లిక్.